చెప్పులతో మిరపతోటలోకి

జిల్లా కలెక్టరు గారి సముఖమునకు, సోమవారం ప్రజావాణిలో సమర్పించుకొను అర్జీ.

అర్జీదారు: నాగెల్లి సమ్మమ్మ, భర్త కీర్తిశేషులు యాకయ్య, వృత్తి మిర్చి ఏరే కూలి, చింతగుట్టపల్లి గ్రామం, పరకాల దగ్గర.

అయ్యా,

విషయం: మిరపతోటలలో కూలి ఆడవారు కాలికి చెప్పులు తొడుక్కొని కాయ ఏరుటకు ఉత్తర్వు కోరుట, మరియు అట్లు తొడుక్కొన్నందున కలుగు పాపమును ప్రభుత్వము వారు స్వీకరించుట గురించి.

పై విషయమై తమరికి విన్నవించుకొనునది ఏమనగా, నేను మా ఊరి ముఠాకు పెద్దను. ముఠా అంటే భయపడవద్దు, కాయ ఏరే ఆడవాళ్ళ గుంపు. రైతు ఫోను చేస్తే అందరినీ పోగుచేసి ఆటో ఎక్కించే బాధ్యత నాది. ఇదివరకు మహిళా సంఘం లీడరుగా ఉన్నప్పుడు బోరింగు కోసం ఒకటి, వీధి దీపం కోసం ఒకటి అర్జీలు రాశాను. బోరింగు వచ్చింది, దీపం రాలేదు. కాబట్టి అర్జీల మీద నాకు సగం నమ్మకం ఉన్నది. ఆ సగం నమ్మకంతోనే ఇది కూడా నా చేత్తో రాస్తున్నాను.

1. నా కోడలు సుగుణ, అనగా నా కొడుకు ఓంప్రకాశ్ భార్య, ఏడో నెల గర్భవతి, ప్రస్తుతం పట్నంలో పెద్ద దవాఖానలో ఉన్నది. ఒంట్లో రక్తం నాలుగు గ్రాములే ఉన్నదని చెప్పారు. ఒక సీసా ఎక్కించారు, ఇంకొకటి ఎక్కించాలి. ఆయాసానికి వెల్లకిలా పడుకోలేక గోడకు ఒరిగి కూర్చునే కునుకు తీస్తున్నది. ఆమె కడుపులో బిడ్డతో పాటు పురుగులు కూడా ఉన్నవి. ఈ మాట రాయడానికి చెయ్యి రాలేదు గానీ అర్జీలో ఉన్నది ఉన్నట్టు రాయాలి.

2. సుగుణ నెల తప్పినప్పటి నుండి గోడ సున్నం గీకి తినేది. కడుపుతో ఉన్నవాళ్ళకు మన్ను మీద మనసు పోతుందిలే అని మేము నవ్వుకున్నాం. ఆరోగ్య కేంద్రంలో రక్తానికి ఎర్ర గోలీలు ఇచ్చారు. ఒక్కటి మానకుండా మింగింది. రక్తం పెరగలేదు. ఐదో నెలలో పట్నానికి తీసుకువస్తే డాక్టరు షారోన్ గారు అనే చిన్న వయసు డాక్టరమ్మ మలం పరీక్ష చేయించి, మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పారు.

“సమ్మమ్మా, ఓటికుండల నీళ్ళు పోస్తే నిలుస్తయా? పేగులకు కొంకి పురుగులు పట్టుకొని రక్తం తాగుతున్నయి. ముందు అవి పోవాలె.”

“మేము కడుక్కొని వండుకొని శుద్ధంగనే తింటం గద డాక్టరమ్మా, నోట్లకెట్ల పోయినయి?”

“నోట్లోంచి కాదమ్మా, కాళ్ళలోంచి.”

నేను నమ్మలేదు. ఆమె సుగుణ కాలు తన ఒళ్ళో పెట్టుకొని వేళ్ళ సందులు విప్పి చూపించారు. ఏరుడు మొదలైన వారానికే మాకందరికీ అక్కడ దురద లేస్తుంది. మట్టి దురద అని పసుపు నూనె రాసుకొని ఊరుకుంటాం. అది దురద కాదట, పురుగు లోపలికి పోయిన జాగా అట. మనుషులు బయటికి పోయిన చోట తడి మన్నులో వెంట్రుక కన్నా సన్నగా పుట్టి, ఒట్టి పాదం తగిలితే తోలులోంచి దూరి, నెత్తురుతో పాటు తిరిగి పేగుకు చేరి కొంకి వేస్తుందట. పురుగుల గోలీ తన ముందరే మింగించి, “ఉన్నయి పోతయి. మళ్ళ ఒట్టి కాళ్ళతోని అదే మన్ను తొక్కితే మళ్ళ వస్తయి. పని చేసుకోవచ్చు గని చెప్పులు లేకుండ తోటల అడుగు పెట్టద్దు” అని పదే పదే చెప్పి పంపారు.

3. మా వైపు ఆనవాయితీ తమరికి తెలియకపోవచ్చును. తొలి ఏరుడు నాడు రైతు గట్టు మీద మూడు రాళ్ళు నిలబెట్టి పసుపు కుంకుమ పెట్టి కోడిని కోస్తాడు. ఆ దినం మొదలు ఆఖరి ఏరుడు దాకా తోటలో లక్ష్మి ఉన్నట్టు లెక్క. చెప్పులు గట్టు కిందనే విడవాలి, రైతైనా అంతే, కూలైనా అంతే. అప్పట్లో ఒక ఏడు మందుల కంపెనీ ఆయన బూట్లతో తోటంతా తిరిగి పోయాడు. ఆ ఏడే నల్ల తామర పురుగు పడి పూత మొత్తం రాలింది. బూట్ల వల్లనే అని ఊరంతా తీర్మానం చేసింది. బూటు చూడని తోటలు కూడా పోయినవి కదా అంటే వినేవాడు లేడు.

మా రైతు రమాకాంత్ చెడ్డవాడు కాడు. మాకు మజ్జిగ తెచ్చి ఇస్తాడు, ఎండ ముదిరితే చెట్టు కింద కూర్చోమంటాడు. దవాఖాన నుండి వచ్చిన మరునాడే ఆయనను అడిగాను.

“పటేలా, మా కోడలు ఒట్టి మనిషి కాదు. డాక్టరమ్మ గట్టిగ చెప్పింది. జర చెప్పులతోని రానియ్యి.”

“సమ్మక్కా, నేనేమన్న తొడుక్కుంటున్ననా? నా కాళ్ళు సూడు” అని కాళ్ళు చాపాడు. నిజమే, పగుళ్ళ నిండా మన్ను. కాలిగోర్లు, చేతిగోర్లు కూడా సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నవి. ఆయనకు కూడా పరీక్ష చేయించగలరని మనవి. నేను చెప్పానని మాత్రం చెప్పవద్దు.

అయ్యా, ఒక మాట అడుగుతాను. సాళ్ళ పొడుగునా ప్లాస్టిక్ కాగితం పరిచినప్పుడు, దాని కింద డ్రిప్పు పైపులు వేసినప్పుడు, ముక్కు మూసుకునేంత మందు కొట్టినప్పుడు ఏమీ అనని లక్ష్మి, నా కోడలి హవాయి చెప్పుకు మాత్రం అలిగి పోతుందా? అంత సుతారం తల్లి ఈ మిర్చి ఘాటు ఎట్లా ఓర్చుకుంటున్నదో నాకు అర్థం కాలేదు. నేను దేవతను తిట్టడం లేదు. నేనూ మొక్కుతాను, మేడారం పోతాను. కానీ కడుపుతో ఉన్న పిల్ల రక్తం తాగమని ఏ తల్లీ చెప్పదు.

4. తోటకాడ మరుగుదొడ్డి లేదు. పొద్దున పోతే పొద్దుగూకేదాకా ఆడవాళ్ళం గట్టు పక్క తుమ్మల చాటుకే పోతాం. డ్రిప్పు నీళ్ళు కారేది అటే, మేము నడిచేది అటే. ఇంతకన్నా విప్పి రాయలేను, తమరి ఇంట్లో ఆడవారిని అడిగి తెలుసుకొనవలెను.

5. రమాకాంత్ తల్లి మొగిలమ్మ పెద్దమనిషి, ఆమె తీర్పు చెప్పింది: “చెప్పుకు మైల గని గుడ్డకు మైలెక్కడిది? కాళ్ళకు గుడ్డ కట్టుకొని రాండ్రి.” మాకు సంతోషమైంది. దేవతకు కోపం రాదు, డాక్టరమ్మ మాటా పోదు అనుకున్నాం. పిల్లల బడి సాక్సులు తెచ్చుకొని, కొందరు నీలివి, కొందరు తెల్లవి, అందరం తొడుక్కొని దిగాం. సుగుణ పడీ పడీ నవ్వింది. “అత్తా, కాన్వెంటు పిల్లలోలె ఉన్నం గదనే, టై ఒక్కటే తక్కువ” అన్నది. అట్లా ఒక నెల పైన ఏరాం. సాక్సులు పొద్దున నానితే సాయంత్రం దాకా ఆరేవి కావు. దురద పెరిగింది. మందులు కొడుతున్నారు కదా, దాని వల్ల కావచ్చునని అనుకున్నాం.

తోటలోనే కళ్ళు తిరిగి పడిపోయిన నాడు సుగుణను అట్లనే ఆటోలో వేసుకొని దవాఖానకు తెచ్చాం. డాక్టరు షారోన్ గారు ఆ కాళ్ళకున్న సాక్సులు చూసి తల పట్టుకున్నారు. “అయ్యో అమ్మా, తడి మన్ను తీసి పొద్దుందాక కాళ్ళకు కట్టి ఉంచినట్టయింది గద! ఆ గుడ్డలోంచి అవి రావా?” అన్నారు. తిట్టలేదు. తిడితే బాగుండేది. ఎలాస్టిక్కు వదులైతే దారంతో బిగించి కట్టింది నేనే అయ్యా.

6. అప్పటినుండి నేను చెప్పుల కొరకు తిరగని ఆఫీసు లేదు. పేర్లు రాయను, రేపు మళ్ళీ వాళ్ళ దగ్గరికే పోవాలి. ఒక ఆఫీసులో తోటలో పురుగు అనగానే కుర్చీ వేశారు. ఆకు మీదనా, కాయ మీదనా అని అడిగారు. కూలి మనిషి పేగు మీద అన్నాను. అది మా శాఖ కిందికి రాదు అన్నారు. ఇంకో ఆఫీసులో, కడుపులో ఉన్నంతవరకు మాది, గోలీ ఇస్తాం, నేలలో ఉన్నది పంచాయతీ చూసుకోవాలి అన్నారు. పంచాయతీలో తోట చుట్టూ ఫాగింగు పొగ పెట్టిస్తామన్నారు. అది దోమలకు కదా నాయనా అంటే, “మన దగ్గర ఉన్నది గదే సమ్మక్కా” అన్నారు. కూలీల సంగతి చూసే చోట, కార్డు ఉన్న బిల్డింగు కూలీలకు హెల్మెట్టు వస్తుంది, కాయ ఏరేవాళ్ళకు కార్డు లేదు అన్నారు. హెల్మెట్టు ఏం చేసుకోవాలి, నెత్తి మీద నడవాలా? ఇన్ని శాఖలు తిరిగి నా కాళ్ళే అరిగాయి. పురుగు మాత్రం నేలలోంచి కాలికి, కాలిలోంచి కడుపుకు ఎవరి సంతకం లేకుండా పోతున్నది.

7. మొన్న రమాకాంత్ బత్తాయిలు పట్టుకొని దవాఖానకు వచ్చాడు. సుగుణ మొఖం చూసి బయటికి పోయి, గోడ పక్కన నిలబడి ఏడ్చాడు. నేను పోయి అదే మాట మళ్ళీ అడిగాను. ఆయన చెప్పింది ఒక్క అక్షరం పోకుండా రాస్తున్నాను.

“సమ్మక్కా, నాకు మాత్రం పానం ఒప్పుతాందా? గని రేపు తోట ఎండితే ఊరంత నన్నే అంటది, మా అవ్వ నన్నే తిడ్తది. పైనుంచి కాగితం రానియ్యి. చెప్పులు తొడుక్కోవాలె అని కలెక్టరు సారు రాసిస్తే నేనేం చేస్త? సర్కారు ఆర్డరాయె. పాపం సారుకు పోతది. నాకు ఫికర్ లేదు.”

తర్వాత ఆలోచిస్తే ఆ మాటలో న్యాయం ఉన్నదనిపించింది. మా ఊళ్ళో దేవత తర్వాత జనం భయపడేది ముద్ర వేసిన కాగితానికే.

కావున తమరు దయతలచి, మిరపతోటలో పని చేయు ప్రతి కూలి కాలికి చెప్పులు గానీ బూట్లు గానీ తప్పక తొడుక్కొనవలెనని, తోటకాడ ఆడవారికి ఒక గుంత, నాలుగు దిక్కుల చాటు రైతు ఏర్పాటు చేయవలెనని, ముఠాలో అందరికీ మలం పరీక్ష చేసి గోలీలు ఇప్పించవలెనని ఒక ఉత్తర్వు ఇప్పించి, దాని కింద “ఇందువలన కలుగు పాపమునకు జిల్లా యంత్రాంగమే బాధ్యత వహించును” అని ఒక్క వాక్యం రాయించి ముద్ర వేయించగలరని ప్రార్థన. తమరికి పాపం అంటుతుందని భయం వద్దు. తమరు దినమూ ఎన్నో కాగితాల మీద సంతకం పెడతారు, అందులో పాపాలు కొన్నైనా ఉండకపోవు. ఇది మాత్రం అచ్చంగా పుణ్యమే.

సుగుణకు ఈ పొద్దు కొంచెం నయంగా ఉన్నదన్నారు. కాఫీ రెండు గుక్కలు తాగింది. మడికొండలో సెంట్రింగు పని మానుకొని వచ్చిన కొడుకును ఆమె పక్కన కూర్చోబెట్టి నేను తమరి దగ్గరికి వస్తున్నాను. ఆ పిల్ల బతికి ఇంటికి రావాలి. వచ్చినాక మళ్ళీ అదే మన్ను తొక్కి అదే మంచానికి రాకూడదు. కూలోళ్ళ ఇండ్లల్లో బాలింత ఎన్నాళ్ళు కూర్చుంటుంది? వచ్చే ఏరుడుకు గట్టు కాడికి రాక తప్పదు. నాకు బంగారం వద్దు, భూమి వద్దు. ఆమె చెప్పులు ఆమె కాళ్ళకే ఉండాలి, అంతే నా అర్జీ.

తీరిక దొరికే వరకు ఆగక, ఏరుడు ముగియకముందే చిత్తగించవలెను.

తమ విధేయురాలు, మిర్చి ఏరే ముఠా పెద్ద,
నాగెల్లి సమ్మమ్మ

తా.క.: ఇది వరుసలో నిలబడి, ముందున్న పెద్దాయన దగ్గర పెన్ను అడుక్కొని కాగితం వెనుక రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతున్నవి, మన్నించవలెను. ఓంప్రకాశ్ ఇప్పుడే ఫోను చేశాడు. “అమ్మా, సుగుణ పోయిందే” అన్నాడు. రెండో సీసా సగం ఎక్కిందట, ఊపిరి అందలేదట. బిడ్డ కూడా లోపలనే పోయింది.

వెనుక నిలబడ్డ వాళ్ళు “నువ్వు పో అక్కా, కాగితం మేమిస్తం” అంటున్నారు. నేను పోను. నా టోకెను దగ్గరికి వచ్చింది. ఇప్పుడు ఉరికి పోయి నేను ఆపేది ఏమున్నది? నా బంగారు తల్లిని ఏడ్వడానికి నాకు చానా దినాలు ఉన్నవి.

మా ముఠాలో రూతు అని ఒక పిల్ల ఉన్నది, ఆనందరావు భార్య, నాలుగో నెల. ఆమెకు ఇంకా ఏ పరీక్షా చేయించలేదు. రేపు పొద్దున ఆటో వస్తుంది, ఎక్కుతుంది. కావున పై అర్జీలో సుగుణ అని ఉన్న చోటల్లా రూతు అని చదువుకొనవలెను. “ప్రస్తుతం దవాఖానలో ఉన్నది” అని ఉన్న చోట “ఇంకా ఇంట్లోనే ఉన్నది” అని దిద్దుకొనవలెను. మిగతాది మార్చే పని లేదు.