గోడ మీద తలకిందుల దుకాణం

కొత్తవాడ

ఎదుటి బడి సైన్సు మేడం ప్రేమలత గారికి, జంపఖానాల సారంగపాణి నమస్కరించి వ్రాసుకొన్నది. ఇక్కడ క్షేమం లేదు. అక్కడ క్షేమమేనని పిల్లల గోలను బట్టి తెలుస్తోంది.

మీ ఎనిమిదో తరగతి పిల్ల కావ్య నిన్న బడి విడిచాక మా మెట్ల దగ్గర ఆగి, "తాతా, మా క్లాసు గోడ మీద నువ్వు తలకిందులుగ నడుస్తానవ్. మస్తు కనవడ్తానవ్" అని చెప్పిపోయింది. విచారించగా, మీరు కిటికీకి నల్లచార్టు అంటించి, దానికి చిన్న రంధ్రం చేసి, నా దుకాణాన్ని మీ గోడ మీదికి తీసుకుపోయారని తేలింది. అడగకుండా కెమెరా పెట్టడం ఒక తప్పు. పెట్టినవారు తలకిందులుగా పెట్టడం ఇంకో తప్పు.

మీరు ఆ రంధ్రం చేసిన నాటి నుంచి బేరం లేదు. పెళ్ళిళ్ళ సీజనులో జంపఖానా కొనేవాడే లేడేమిటని నేను తల బద్దలు కొట్టుకుంటుంటే, కారణం మీ గోడ మీద ఉంది. గల్లాపెట్టె తిరగబడ్డాక అందులో లక్ష్మి ఎలా నిలుస్తుంది? ఈ సీజను కూడా పోతే దుకాణం ఎత్తేయడమే. రంధ్రం పూడ్చండి. లేకపోతే మీ కిటికీకి అడ్డంగా మా ఫ్లెక్సీ కట్టిస్తాను.

ఇట్లు,
సారంగపాణి

తా.క.: తలకిందులుగా ఉన్నప్పుడు నా పంచె సంగతేమిటో కూడా రాయగలరు.

---

గౌరవనీయులైన సారంగపాణి గారికి నమస్కారాలు.

అది కెమెరా కాదండీ. అక్కడున్నది రంధ్రమొక్కటే. కాంతి సూటిగా పోతుంది. మీ తల దగ్గరి వెలుగు ఆ రంధ్రంలోంచి గోడ కిందికి, కాళ్ళ దగ్గరి వెలుగు పైకి చేరుతుంది. అందుకే తలకిందులయ్యారు. మీ పక్కన కొమురెల్లి గారి చాయ్ బండి కూడా తలకిందులుగానే ఉంది. ఆయన బేరం బాగానే సాగుతోంది.

జిల్లా నుంచి ఆఫీసర్లు మా ప్రయోగం చూడడానికి వస్తున్నారు. పిల్లలు ఎంతో ఆశగా ఉన్నారు. మీరు ఫ్లెక్సీ కడితే ఉత్త చీకటిగది చూపించాల్సి వస్తుంది. దయచేసి ఒక మధ్యాహ్నం మీరే వచ్చి చూడండి.

భవదీయురాలు,
ప్రేమలత

తా.క.: మీ పంచె భద్రంగా ఉంది.

---

మేడం గారికి సారంగపాణి నమస్కారాలు.

మీరు రమ్మన్నారని వచ్చి చూశాను కదా. ఆ చీకట్లో మా ఎర్ర జంపఖానాలు, మా ఆవిడ కళావతి, అంతా రంగులతో సహా గోడ మీద కదులుతుంటే నాకు కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళూ దుకాణం లోపల కూర్చున్నానే తప్ప, ఎదుటి నుంచి చూసుకున్నది లేదు.

అయినా తలకిందులు తలకిందులే. మీ గోడ మారదు కాబట్టి నేనే మారాను. ఆ మర్నాడే మా బోర్డు విప్పించి తలకిందులుగా బిగించాను. ఇప్పుడది మీ గోడ మీద నిటారుగా ఉంది. "ఏందే సారంగపాణీ, తలకాయ ఖరాబైందా?" అన్నాడు కొమురెల్లి. వాడికి సైన్సు ఏం తెలుసు? అప్పటి నుంచి బేరం ఊపందుకుంది. ఫ్లెక్సీ ఆలోచన మానుకున్నాను. బోర్డు పక్కకు జారిందేమో చూసుకోవడానికి రోజూ మీ క్లాసుకు వస్తూనే ఉంటాను.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి సారంగపాణి

తా.క.: పేరు మాత్రం గోడ మీద కుడి నుంచి ఎడమకు చదవాల్సి వస్తోంది. ఉర్దూ మీడియం వాళ్ళకు ఇబ్బంది ఉండదు.

---

సారంగపాణి గారికి నమస్కారాలు.

మీ బేరం పెరిగినందుకు సంతోషం. కానీ దానికీ బోర్డుకూ సంబంధం లేదు. నిన్న కావ్య సైన్సు పరీక్ష పేపరు తలకిందులుగా ఇచ్చి, మార్కులు పెరుగుతాయా అని అడిగింది. నేను సైన్సు టీచర్ని. నా పరిస్థితి ఆలోచించండి.

ఇంకో మాట. వెలుతురు దాటిపోలేని వస్తువు ఏదని నేను పిల్లల్ని అడిగితే, ముందు బెంచీ నుంచి మీరే "జంపఖానా" అంటున్నారు. అక్కడితో ఆగక అదెలా తయారవుతుందో పత్తిగింజ నుంచి చెప్పడం మొదలుపెడుతున్నారు. మగ్గం దాకా వచ్చేసరికి గంట మోగుతోంది. ఆఫీసర్లు వచ్చేది శుక్రవారం. ఈలోగా బోర్డు సరిచేయించి, రేపటి నుంచి దుకాణంలోనే ఉండవలసిందిగా ప్రార్థన.

భవదీయురాలు,
ప్రేమలత

తా.క.: హాజరు పిలిచేటప్పుడు "ప్రెజెంట్ మేడం" అంటున్నది మీరేనని నాకు తెలుసు.

---

చిరంజీవి సౌభాగ్యవతి ప్రేమలత మేడంకు, సారంగపాణి గారి భార్య కళావతి ఆశీర్వదించి రాయునది.

మీ ఉత్తరం ఆయనకు అందలేదు. నేనే చదివి పప్పుడబ్బాలో దాచాను. తప్పయితే మన్నించమ్మా.

మీరన్నది నిజం. బోర్డుకూ బేరానికీ సంబంధం లేదు. ప్రయోగంలో ఒకసారికి ఒకటే మార్చి చూడాలని కావ్య చెప్పింది. ఆయన మొదటిసారి మీ గోడ చూడడానికి వచ్చిన మధ్యాహ్నం బోర్డు ఇంకా సరిగ్గానే ఉంది. ఆ పూటే మడికొండ పెళ్ళివాళ్ళు వచ్చి పెద్ద జంపఖానాలన్నీ పట్టుకుపోయారు. మొన్న ఆదివారం బోర్డు తలకిందులుగానే ఉంది. బడి లేదు కాబట్టి ఆయన దుకాణంలో ఉన్నారు. ఒక్క బేరం తెగలేదు.

ఎవరైనా ధర అడిగితే ఆయన పత్తిగింజ నుంచే మొదలుపెడతారు. మగ్గం రాకముందే వాళ్ళు "మళ్ళొస్తం" అని లేస్తారు. నన్ను ధర అడిగితే నేను ధర చెప్తాను.

ఆయన మీద నాకు కోపం లేదు. అంత పనితనం తెలిసిన మనిషి, వినేవాళ్ళు లేక కొనేవాళ్ళకు చెప్పుకున్నారు. మీ పిల్లలు వింటున్నారట. వాళ్ళు అడిగిన ప్రశ్నలు అన్నం తింటూ నాకు చెప్పి నవ్వుతున్నారు. ఆయన నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో. దుకాణం ఎత్తేసే మాట కూడా మానేశారు.

శుక్రవారం ఆ బోర్డు మీద జంపఖానా ఒకటి ఆరేస్తాను. ఆఫీసర్ల సంగతి ఫికర్ చేయకండి. ఆయన్ను మాత్రం వెనక్కి పంపకండి. ఈ ఉత్తరం సంగతి ఆయనకు తెలియనివ్వకండి.

ఇట్లు,
కళావతి

తా.క.: కాంతి పాఠం అయిపోవచ్చిందట, తర్వాతది ధ్వని అట. అందులో ఆయన మీకు ఇంకా బాగా పనికొస్తారు.