పడినవాళ్ళ మీద కప్పే గుడ్డ

మార్చి 3, మధ్యాహ్నం

మళ్ళీ పడ్డాను.

మగవాళ్ళ వార్డు, ఏడో మంచం. గొడ్డలి జారి పిక్క తెగిన రైతు. పాత కట్టు విప్పుతున్నాను. ఆఖరి పొర గాయానికి అంటుకుపోయింది. సెలైన్ పోసి మెల్లగా లాగాను. ఎర్రగా ఊరింది. చెవుల్లో హోరు. పెదాల చుట్టూ చల్లన. తర్వాత నేల.

కళ్ళు తెరిచేసరికి ఆ రైతే మంచం మీంచి వంగి నా చెంపలు తడుతున్నాడు. నర్సమ్మా, దెబ్బ తగిలింది నాకా నీకా అని అడిగాడు. వార్డంతా పగలబడి నవ్వింది.

మా ట్యూటర్ మిరియం మేడమ్ మాత్రం నవ్వలేదు. గదిలోకి పిలిచి తలుపు మూసింది. ఇది రెండోసారి ఎవుఫేమియా, ఇంకోసారి పడ్డావంటే పెట్టె సర్దుకుని మీ గుట్టెక్కెయ్, రోగిని చూడ్డానికి నర్సుంటుంది గానీ నర్సును చూడ్డానికి రోగి ఉండడమ్మా అంది.

గుట్టెక్కి ఏం చెప్పను? మా ఊరి హెల్త్ పోస్టుకు తాళం పడి మూడేళ్ళు. మా కొండజనం మాట్లాడే మామ్ భాష వచ్చిన నర్సు దొరికితేనే తీస్తామన్నారు పైవాళ్ళు. ఈ నర్సింగ్ కోర్సుకు సరిపడా చదువున్న ఆడది ఊళ్ళో నేనొక్కతెనే. అదీ బైబిల్ ముందేసుకుని నాకు నేను నేర్చుకున్న చదువు, నలభైకి దగ్గరపడ్డాక రాసిన పరీక్షలు. నేను పెట్టె సర్దుకుంటే ఆ తాళం తుప్పు పట్టడమే.

మార్చి 4

బైబిల్లో దూతను చూసి దానియేలు పడ్డాడు. వెలుగును చూసి సౌలు పడ్డాడు. పత్మసు ద్వీపంలో యోహాను చచ్చినవాడిలా పడ్డాడు. వీళ్ళలో ఎవరూ కట్టు విప్పుతూ పడలేదు.

మార్చి 8, ఆదివారం

ఊరికి వెళ్ళాను. మందిరంలో వాక్యం చెప్పే వంతు నాదే. బోధించే ఆ పుల్పిట్ ఎక్కితే నన్ను ఎవరూ కదిలించలేరు. కాళ్ళు నేలలో పాతేసి, పిడికిళ్ళు బిగించి, కడుపులోంచి గొంతు లాగి రెండు గంటలు నిప్పులు కురిపించాను. ఎండిన ఎముకలు మాంసం తొడుక్కుని లేచి నిలబడే లోయ కథ. పాట ఎత్తుకునేసరికి ముందు వరసలో ఇద్దరు ఆడవాళ్ళు ఆత్మవశులై పడ్డారు. ఒబ్దూలియా అక్క పరుగున తెల్లగుడ్డలు తెచ్చి వాళ్ళ కాళ్ళ మీద కప్పింది. ఆ గుడ్డలు ఉతికి, ఇస్త్రీ చేసి, పెట్టెలో దాచే పని ఆమెది. ఇంకొకరిని ముట్టుకోనివ్వదు. పడినవాళ్ళను మేమూ ముట్టుకోం. దేవుడు పని చేస్తున్నచోట మనిషి చెయ్యి పెట్టకూడదు.

పదిహేడేళ్ళప్పుడు నేనూ ఆ గుడ్డ కింద పడుకున్నాను. లేచాక మా పాస్టరు ఆన్సెల్మో అయ్యగారు నా తలమీద చెయ్యి పెట్టి, ఈ పిల్లను ప్రభువు కొట్టి పిలిచాడు, ఇక ఇది బోధిస్తుంది అన్నారు. అప్పట్నుంచి బోధిస్తూనే ఉన్నాను.

కూడిక అయ్యాక ఆయనే నా దగ్గరకొచ్చారు. ఏమ్మా, ఆసుపత్రిలో కూడా పడుతున్నావటగా, స్తోత్రం, ఆ రోగుల మధ్య కూడా ఆత్మ దిగుతున్నాడన్నమాట అన్నారు. ఒబ్దూలియా అక్క నా రెండు చేతులూ పట్టుకుని, ఇంకా బలంగా దిగాలే పిల్లా, నేను ఉపవాసముంటా చూడు అంది.

కాదని చెప్పలేకపోయాను. నవ్వాను కూడా.

మార్చి 12

రక్తం తీసే క్లాసు. నా వంతు వచ్చేలోపు బాత్రూంలో దూరి గడియ పెట్టుకున్నాను. దేవుడి పిలుపు తప్పించుకు పారిపోయిన యోనాకు ఓడైనా దొరికింది.

మార్చి 17

మిరియం మేడమ్ డాక్టరమ్మ దగ్గరికి పంపింది. చిన్నపిల్ల, నా కూతురి వయసుంటుంది. గుండె పరీక్ష చేసింది. అంతా బాగానే ఉందంది. కొందరికి రక్తం చూస్తే గుండె నెమ్మదిస్తుంది, బీపీ జారిపోతుంది, తలకు రక్తం చాలక పడిపోతారు, నేల మీద పడుకోగానే సర్దుకుంటుంది, ఇంతే అక్కా, దీనికింత ఏడుపెందుకు అంది.

మొదటిసారి ఎప్పుడు పడ్డావు అని అడిగింది.

ఇక్కడే, ఈ ఆసుపత్రిలోనే అనబోయాను. అప్పుడే గుర్తొచ్చింది.

పదిహేడేళ్ళప్పుడు. మందిరం. రంపం మిల్లులో చెయ్యి తెగిన కసిమీరో అన్నను ప్రార్థనకు తెచ్చారు. చేతికి చుట్టిన తువ్వాలు నిండిపోయి చుక్కలు చుక్కలుగా నా ముందే కారుతోంది. తర్వాతే నేను పడ్డాను.

పడే ముందు చెమట పట్టిందా అంది డాక్టరమ్మ. పట్టింది. చూపు మసకేసిందా? వేసింది. చెవుల్లో హోరు వినిపించిందా?

ఆ హోరునే విస్తార జలాల ఘోష అని, ప్రభువు నన్ను పిలిచిన స్వరమని ఇన్నేళ్ళుగా ప్రకటిస్తున్నాను.

ఆమె ఒక ఉపాయం చెప్పింది. తల తేలిపోతున్నట్టు అనిపించగానే తొడలు, పొట్ట, పిడికిళ్ళు గట్టిగా బిగించాలట. రక్తం పైకి ఎక్కుతుందట. నిలబడి చేసి చూపించింది. అచ్చం నేను పుల్పిట్ మీద నిలబడే తీరు.

మార్చి 18

నన్ను పిలిచింది ప్రభువా, బీపీయా?

మార్చి 22, ఆదివారం

జ్వరమని ఊరికి కబురు పంపాను. జ్వరం లేదు. రోజంతా హాస్టల్ గదిలో గోడకు తిరిగి పడుకున్నాను. చిక్కుడుగింజల అన్నం తెచ్చుకుని తినకుండా పారేశాను. బైబిల్ తెరవలేదు. తెరిస్తే ఏ పేజీలోంచి ఎవరు పడతారోనని భయం.

మార్చి 26

మిరియం మేడమ్ ఎదురుగా నిలబడి ఏడో మంచం కట్టు మార్చమంది. ఆ గాయం చీము పట్టి ఇంకా మానలేదు. చేతికి గ్లవ్స్ వేసుకునేటప్పుడే నోరెండిపోయింది. చెవుల్లో హోరు మొదలైంది. కాళ్ళు పాతాను. తొడలు బిగించాను. నోట్లోనే వాక్యం మొదలుపెట్టాను. ఎముకకు ఎముక, ఎముక మీద మాంసం, మాంసం మీద చర్మం. అంటుకున్న పాత కట్టు ఊడి వచ్చేసింది. గాయం కడిగాను. కొత్త కట్టు కట్టాను.

పెదాలు కదులుతున్నాయి, లోపల్లోపల ఎవరిని తిడుతున్నావు నర్సమ్మా అన్నాడు రైతు. నీ కాలినే, త్వరగా లేవమని అన్నాను.

ఒకరోజు నిలబడ్డావు, సంబరపడకు, ఇంకా చాలా రోజులున్నాయి అంది మేడమ్.

సంబరం ఎక్కడిది? నిలబడిన ప్రతిసారీ ఆ పాత పడటం అబద్ధమవుతోంది. వార్డులో నిలిస్తే పుల్పిట్ మీద ఏ ముఖంతో నిలవను?

మార్చి 29, ఆదివారం, సాయంత్రం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

వాక్యం మధ్యలో ఒబ్దూలియా అక్క లేచింది, తూలింది, పడింది. పడుతూ బెంచీ మూలకు నుదురు కొట్టుకుంది. మందిరమంతా హల్లెలూయా. ఎవరో ఆమె పెట్టెలోంచే గుడ్డ తీసి ఆమె మీదే కప్పారు. మొహం దాకా. గుడ్డ మీద ఎర్రటి మచ్చ లేచింది. పెరిగింది.

హోరు వచ్చింది. పిడికిళ్ళు బిగించాను. పుల్పిట్ దిగాను.

ముట్టుకోకమ్మా, ఆత్మ పని చేస్తున్నాడు అన్నారు అయ్యగారు. గుడ్డ లాగేసి, మడిచి, ఆమె నుదుటికి అదిమాను. కాళ్ళెత్తి బెంచీ మీద పెట్టించాను. సిగ్గులేదూ, కాళ్ళు కనబడుతున్నాయే అని వెనక నుంచి ఎవరో అరిచారు. అక్క ఒళ్ళంతా చల్లటి చెమట. పల్స్ గబగబా కొట్టుకుంటోంది.

నువ్వు పడ్డప్పుడు నిన్నెవరమూ ముట్టుకోలేదు, అందుకే నువ్వింతదానివయ్యావు అన్నారు అయ్యగారు.

అయ్యగారూ, ఆ రోజు నేను పడింది కసిమీరో అన్న రక్తం చూసి అన్నాను.

కసిమీరో అన్న వెనక వరసలోనే ఉన్నాడు. తన చేతి వైపు చూసుకున్నాడు. ఆయనే వెళ్ళి పికప్ బండి తెచ్చాడు.

దారిలో అక్క సగం కళ్ళు తెరిచి, నా గుడ్డ ఖరాబు చేసిందెవత్తె అంది. ఆసుపత్రిలో చూస్తే షుగర్ బాగా పడిపోయి ఉంది. నరంలోకి గ్లూకోజ్ ఎక్కించారు. కుట్లు వేస్తుంటే పక్కనే నిలబడి చెయ్యి పట్టుకున్నాను. చూశాను. ప్రతి కుట్టూ చూశాను.

శుక్రవారం నుంచి ఉపవాసమట. షుగర్ మాత్రలు మాత్రం మానలేదట. ఎవరి కోసమక్కా ఇంత అని అడిగాను.

నీ కోసమే, ఆసుపత్రిలో నీ మీద ఆత్మ బలంగా దిగాలని అంది.

ఏప్రిల్ 2, ఉదయం 5

ఇక పుల్పిట్ ఎక్కవద్దని అయ్యగారు కబురు పంపారు. అదే మనిషి చేత ఒబ్దూలియా అక్క తెల్లగుడ్డ పంపింది. ఉతికింది, ఇస్త్రీ చేసింది. మరక పోలేదు.

ఇవాళ మళ్ళీ ఏడో మంచం కట్టు మార్చాలి, ఆ రైతుకు నిన్ననే చెప్పాను. నేను పడితే నన్ను ముట్టుకో, నా కాళ్ళు పైకెత్తు అని. సరేనన్నాడు.