డ్రోన్ కింద పట్టా

తార్నాక,
ఏప్రిల్ 8

ప్రియమైన బావకి,

ప్రిస్సీ వందనాలు. నిన్న ఫోన్లో మళ్ళీ పోట్లాడుకున్నాం కాబట్టి అసలు విషయం చెప్పనే లేదు. కబుర్లు ఫోన్లో, సంగతులు ఉత్తరంలో అని పెళ్ళయ్యాక పెట్టుకున్న ఒప్పందమే మంచిది. ఉత్తరంలో నువ్వు మధ్యలో అడ్డు తగలలేవు.

ఈస్టర్‌కి వచ్చినప్పుడు నువ్వు కుట్టిచ్చిన రెగ్జిన్ పట్టా మా డిపార్టుమెంటులో అందరికీ తెగ నచ్చింది. ఇక్కడంతా ఎర్రదుమ్ము, మేం డ్రోన్ లేపే డిపార్టుమెంటు డాబా మీద కూడా. డ్రోన్ లేచేటప్పుడు రెక్కల గాలికి ఆ దుమ్ము లేచి కెమెరా అద్దం నిండా పట్టేసేది. ఇప్పుడు పట్టా పరిచి, దాని మీద నుంచి లేపుతున్నాను. నాలుగు మూలల్లో ఏదో బరువు పెట్టి కుట్టావుగా, ఎంత గాలికీ అంగుళం కదలదు. "మా ఆయన కుట్టాడు" అని అడగనివాళ్ళకి కూడా చెబుతున్నాను. తెనాలిలో మైకు సెట్లు బాగుచేసే మనిషికి కుట్టుపని కూడా వచ్చా అని మా గైడు రాజశ్రీ మేడమ్ ఆశ్చర్యపోయింది.

ఇక అసలు విషయం. డ్రోన్ నా మాట వినడం లేదు. నేలమీద ఉన్నంతసేపూ బుద్ధిమంతురాలే. లేస్తుంది, రెండు నిలువుల ఎత్తుకి వెళ్ళేదాకా ఏమీ అనదు. ఆ తర్వాత ఉన్నట్టుండి గుండ్రాలు తిరగడం మొదలుపెడుతుంది. గుండ్రం పెద్దదవుతూ పోతుంది. నేను ఎడమకి తోస్తే ఇంకెటో పోతుంది. రిమోట్ మీద చేతులు తీసేసినా ఆగదు. మొన్న వెళ్ళి వేపచెట్టులో ఇరుక్కుంది. ఫోన్ తెరమీద ఒక్కోసారి ఎర్ర అక్షరాలు వస్తున్నాయి, కంపాస్ సరిచెయ్యమని. చేతిలోకి తీసుకుని అది చెప్పినట్టే చుట్టూ తిప్పుతాను, ఎర్ర అక్షరాలు పోతాయి. మళ్ళీ పట్టా మీద పెట్టి లేపితే మళ్ళీ అదే వరస.

వానలు పడేలోగా క్యాంపస్ అంతా పైనుంచి ఫొటోలు తియ్యాలి. వాననీళ్ళు ఏ వాలున ఎటు పారతాయో గీయడమే కదా నా థీసిస్. అయితే నా బాధ అది కాదు. మల్లన్న గురించి. మా డిపార్టుమెంటులో కాంట్రాక్టు అటెండరు, బౌద్ధనగర్ నుంచి సైకిల్ మీద వస్తాడు. డ్రోన్ పెట్టె మోసేది అతనే. నేను ఈస్టర్ నుంచి తిరిగొచ్చిన రోజునే అతని చేతిలోంచి పెట్టె మెట్ల మీద జారింది. ఆఫీసులో ఒకాయన చూశాడు. ఇప్పుడు డ్రోన్ పాడవడానికి అదే కారణమంటున్నారు. ఏ కారణమో రాసి నేను సంతకం పెట్టి ఈ నెల ముప్ఫైకి రిపోర్టు ఇవ్వాలి. అజాగ్రత్త అని రాస్తే మే నుంచి అతని కాంట్రాక్టు ఉండదు. పదకొండేళ్ళుగా చేస్తున్నాడు బావా.

నువ్వేమంటావు?

నీ
ప్రిస్సీ


తెనాలి,
ఏప్రిల్ 13

ప్రియమైన ప్రిస్సీకి,

నీ బావ దగ్గర నుంచి బోలెడు వందనాలు, అంతకంటే బోలెడు సలహాలు. పట్టా సంగతి చదివి కాలరెగరేశాను. మీ మేడమ్‌కి చెప్పు, పందిరి గుడ్డల దగ్గర నుంచి స్పీకర్ పెట్టెలకి తొడిగే గౌన్ల దాకా అన్నీ ఈ చేతులే కుట్టాయని.

ఇక రిపేరు. ఇరవై ఏళ్ళుగా నేను చూసింది ఒక్కటే. ఒకేసారి రెండు మార్చకూడదు. బ్యాటరీ మార్చి చూడు. బాగుపడకపోతే పాతది మళ్ళీ పెట్టి, రెక్కలు మార్చి చూడు. తర్వాత చోటు మార్చు. ఏ రోజు ఏం మార్చావో, ఏం జరిగిందో కాగితం మీద రాసుకో. మనసులో పెట్టుకుంటే మనసు తనకి కావలసినట్టు మార్చేసుకుంటుంది.

కానీ ప్రిస్సీ, నిజం చెప్పనా? నాకు జవాబు తెలిసిపోయింది. చర్చి ఆంప్లిఫయర్లు నా దగ్గరికి వస్తాయి, "ఏమీ చెయ్యలేదు అన్నా, దానంతటదే పాడైంది" అంటారు. మూత తీస్తే లోపల సోల్డరింగ్ ఊడి ఉంటుంది. ఎవరో పడేసి ఉంటారు, ఎవరూ ఒప్పుకోరు. మెట్ల మీద జారిన పెట్టె బాగుంటుందా? నువ్వు అందరి మీదా జాలిపడతావు, అదే నీ జబ్బు. ఉన్నది ఉన్నట్టు రాసి సంతకం పెట్టెయ్యి. నీ థీసిస్ ఆగిపోతే ఆ మల్లన్న వచ్చి రాసిపెడతాడా?

అమ్మ నీకు గోంగూర పచ్చడి పంపుతానంటోంది. ఎవరి చేతనన్నా పంపిస్తాను.

నీ
బావ స్టీఫెన్


తార్నాక,
ఏప్రిల్ 21

ప్రియమైన బావకి,

నీ సలహా పాటించాను. రెండో సలహా కాదు, మొదటిది. ఒకటొకటే మార్చాను. కాగితం మీద రాసుకున్నాను కూడా.

బ్యాటరీ మార్చాను, గుండ్రాలు. రెక్కలు మార్చాను, గుండ్రాలు. డాబా స్లాబులో ఇనుప ఊచలుంటాయి, వాటి వల్ల కంపాస్ తికమకపడుతుందని ఎక్కడో చదివాను. అందుకని డాబా దిగి, నేనూ మల్లన్నా క్యాంపస్‌లో రాళ్ళగుట్ట వెనక మైదానానికి వెళ్ళాం. అక్కడా గుండ్రాలే. సీతాఫల్‌మండి వైపు గోడ దగ్గరికి వెళ్ళి చూశాం. అక్కడైతే ఏకంగా గోడ దాటబోయింది. మల్లన్న పరిగెత్తి దాని కింద చేతులు చాపి నిలబడ్డాడు, పడితే పట్టుకుందామని. రెక్క తగిలితే వేళ్ళు పోతాయని అరిచాను. అతను కదల్లేదు.

మర్నాడు పొద్దున ప్లాస్టిక్ కుర్చీ ఒకటి నెత్తిన పెట్టుకుని వచ్చాడు. "మేడమ్, ఇయ్యాల పట్టా వద్దు. గీ కుర్చీ మీదికెళ్ళి లేపుదాం" అన్నాడు. ఎందుకని అడిగాను. "ఊకెనే. ఒక్కసారి చూద్దాం" అన్నాడు. సరే, చోటు మార్చడం కూడా ఒక మార్పే కదా అనుకున్నాను.

బావా, అది ముత్యంలా లేచింది. నలభై మీటర్ల ఎత్తుకి వెళ్ళి అక్కడే నిలబడింది. నేను రిమోట్ వదిలేసి చూస్తూ కూర్చున్నాను. దించి, అదే బ్యాటరీతో, అదే రెక్కలతో, అదే చోట పట్టా మీద నుంచి లేపాను. గుండ్రాలు. మళ్ళీ కుర్చీ, బుద్ధిగా ఉంది. మళ్ళీ పట్టా, గుండ్రాలు. ఆరుసార్లు చేశాను. మెట్ల మీద జారి పాడైన డ్రోన్ కుర్చీకీ పట్టాకీ తేడా చూపిస్తుందా?

సాయంత్రం గదికి వచ్చాక పట్టా నేలమీద పరిచి, ఫోన్లో కంపాస్ తెరిచి దానిమీద నడిపించాను. మధ్యలో ఉత్తర దిక్కు పక్కకి జరిగింది. మూల దగ్గరికి తీసుకెళితే ముల్లు గిర్రున తిరిగింది. డ్రోన్ నేలమీద ఉన్నప్పుడు చూసుకున్న ఉత్తరం ఒకటి, పైకి లేచాక కనిపించే ఉత్తరం ఇంకొకటి. ఏది నమ్మాలో దానికి తెలియడం లేదు. నాకలా అర్థమైంది.

మూలల్లో ఏం పెట్టావు? బ్లేడుతో కోసి చూసుకోవచ్చు, ఒక్క నిమిషం పని. కానీ నువ్వు కుట్టింది నేను కొయ్యలేను. నువ్వే చెప్పు. రిపోర్టు ఇంకా ఇవ్వలేదు. ముప్ఫైలోపు నీ జవాబు రావాలి. ఇది ఫోన్లో అడగదలుచుకోలేదు, నువ్వు నవ్వులాటలోకి దింపేస్తావు.

నీ
ప్రిస్సీ


తెనాలి,
ఏప్రిల్ 29

ప్రియమైన ప్రిస్సీకి,

ఆలస్యమైంది. పని ఎక్కువై కాదు. నీ ఉత్తరం ఇరవై నాలుగునే అందింది.

అదే రోజు ఒక జవాబు రాశాను. మూలల్లో ఇసుక పోశానని రాశాను. కవరు అంటించి, స్టాంపు కూడా అంటించి, పోస్టాఫీసు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. ఆ కవరు చించేశాను. నీకు అబద్ధం రాయడం ఇదే మొదటిసారి, అదీ పోస్టు కాలేదు. నమ్ము.

అయస్కాంతాలు పెట్టాను ప్రిస్సీ. కాలిపోయిన నాలుగు స్పీకర్ల వెనక ఉండే గుండ్రటి అయస్కాంతాలు. పారెయ్యబుద్ధి కాక అటక మీద దాచినవి. బరువుగా ఉన్నాయి, పల్చగా ఉన్నాయి, మూలలో చక్కగా ఇమిడాయి. అప్పుడు నాకు తెగ సంతోషం వేసింది, ఇంత తెలివి ఎవరికొస్తుంది అనుకున్నాను. దిక్సూచి పక్కన అయస్కాంతం పెట్టకూడదని ఆరో తరగతి పిల్లలకి కూడా తెలుసు. నీ డ్రోన్‌లో దిక్సూచి ఉంటుందని నాకు తట్టలేదు. ఇరవై ఏళ్ళు అయస్కాంతాల మధ్య బతికినవాడికి తట్టలేదు.

సిగ్గు దీనికి కాదు. పొరపాట్లు ఎవరైనా చేస్తారు. పోయిన ఉత్తరంలో ఆ మల్లన్న గారి గురించి నేను రాసిన మాటలున్నాయి చూడు, వాటికి. ఆ మనిషిని నేను చూడలేదు, పేరు తప్ప ఏమీ తెలియదు. అయినా దోషి అతనేనని తీర్పు చెప్పేసి, నిన్ను సంతకం పెట్టమన్నాను. నాలుగు రోజులుగా అన్నం సయించడం లేదు. అమ్మ జ్వరమా అని అడుగుతోంది.

దీనితోపాటు రాజశ్రీ మేడమ్ గారికి ఇంకో ఉత్తరం పెట్టాను. పట్టా కుట్టింది నేను, అయస్కాంతాలు పెట్టింది నేను, మల్లన్న గారికి ఏ సంబంధమూ లేదని రాసి సంతకం చేశాను. స్పీడ్ పోస్టులో వేస్తున్నాను. ముప్ఫైకి అందుతుందో లేదో. అందకపోతే గడువు అడుగు. రిపోర్టు ఆపు. మూలలు నువ్వే కోసెయ్యి, నాకేం బాధ లేదు.

నీ
స్టీఫెన్


తార్నాక,
మే 7

ప్రియమైన బావకి,

నీ ఉత్తరం రెండో తారీఖున అందింది. రిపోర్టు ముప్ఫైనే ఇచ్చేశాను. నీ జవాబు కోసం మూడు గంటల దాకా చూశాను, ఇక ఆగలేదు. "లోపం డ్రోన్‌లో లేదు, కింద పరిచిన పట్టాలో ఉంది, అది నా భర్త ప్రేమతో కుట్టినది" అని రాశాను. ప్రేమతో అన్న మాట మేడమ్ కొట్టేసింది. ఆఫీసు కాగితంలో ఉండకూడదట.

సంతకం అయ్యాక మేడమ్ మల్లన్నని పిలిపించింది. పట్టా మూలల్లో ఏదో ఉందని నీకు ముందే తెలుసా అని అడిగింది. "తెలుసు మేడమ్. మడతపెడుతుంటే రోజు నా తాళాలు అతుక్కునేటివి" అన్నాడు. మరి నీ ఉద్యోగం మీదికి వస్తుంటే ఎందుకు చెప్పలేదని ఆవిడ కోప్పడింది.

అతను నావైపు చూడకుండా చెప్పాడు. "దాని వల్లనే అని నాకు పక్కాగ తెల్వదు గద మేడమ్. గీ మేడమేమో పట్టా పరిచినప్పుడల్ల మా ఆయన కుట్టిండు, మా ఆయన కుట్టిండు అని మురుస్తది. గా పట్టాలనే తప్పున్నదని ఎట్ల చెప్పాలె? ఇంట్ల లొల్లి అయితది. కుర్చీ తెస్తే ఎవరికి ఏమనకుండ పనైతదనుకున్న." మే నుంచి కాంట్రాక్టు పొడిగించారు. నువ్వు రాసిన ఉత్తరం అందాక మేడమ్ దాన్ని కూడా ఫైల్లో పెట్టించింది.

ఇక్కడితో ఆపేస్తే నేను మంచిదాన్ని అనుకుంటావు. అందుకే మిగతాది కూడా రాస్తున్నాను. నీ రెండో సలహా పాటించలేదని రాశాను కదా. అది అబద్ధం. నువ్వు చించేసిన కవరు సంగతి చదివాక నాకు నిద్ర పట్టలేదు. నీ పదమూడో తారీఖు ఉత్తరం అందిన రోజునే నేను రిపోర్టు రాసేశాను. అటెండరు అజాగ్రత్త వల్ల అని రాసి, సంతకం కూడా పెట్టాను. ఇస్తే ఒక పని అయిపోతుందనుకున్నాను. మర్నాటి నుంచి మేడమ్ సెలవులో ఉంది. అందుకే అది నా సంచిలో ఉండిపోయింది. అతను డ్రోన్ కింద చేతులు చాపి నిలబడ్డ రోజున, కుర్చీ నెత్తిన పెట్టుకుని వచ్చిన రోజున, ఆ కాగితం నా భుజాన సంచిలోనే ఉంది. నా జాలి నన్ను ఆపిందని నువ్వు అనుకుంటున్నావేమో. మేడమ్ సెలవు ఆపింది.

నీ ఉత్తరం చదివాక ఇక దాచుకోలేకపోయాను. మూడో తారీఖు సాయంత్రం తార్నాక గేటు దాకా ఇద్దరం నడుస్తుంటే ఆ కాగితం తీసి అతనికి ఇచ్చాను. నిలబడి పూర్తిగా చదివాడు. మడతపెట్టి నాకే తిరిగి ఇచ్చాడు. "రాసిన్రు గని ఇయ్యలేదు గద మేడమ్" అన్నాడు. గేటు దగ్గర సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

నువ్వొకసారి రా బావా. నువ్వు చెప్పవలసింది నువ్వు చెప్పుకో, అది నేను చెబితే సరిపోదు. నేను చెప్పవలసింది చెప్పాను, సరిపోయిందో లేదో తెలియడం లేదు. కాగితం చూపించిన మర్నాటి నుంచి డ్రోన్ పెట్టె నేనే మోస్తున్నాను. మొదటి రోజు వద్దు మేడమ్ అంటాడనుకున్నాను. అనలేదు. ఇవాళ కూడా అనలేదు.

నీ
ప్రిస్సీ