అగ్గిపెట్టె చప్పుడు

10-2-1984, శుక్రవారం, ఆదోని

కాళ్ళు లాగేస్తున్నాయి. పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లు దాకా నడిచే పోయి వచ్చాను. కాలేజీ పిల్లలం తీయబోయే సినిమాకి మూడు వారాలుగా ఒకే మొదటి సీను రాస్తున్నాను. చీకటి గోదాం, పత్తి బేళ్ల వెనక అడుగుల చప్పుడు, హంతకుడు అగ్గిపుల్ల గీస్తే ముఖం కనబడుతుంది. అక్కడే గీసి చూద్దామని అగ్గిపెట్టె జేబులో వేసుకున్నాను.

గేటు దగ్గర వాచ్‌మన్ ఖాసీం తాత జేబు తడిమి దాన్ని లాక్కున్నాడు. సీను చెప్తే నవ్వలేదు.

"ఆదోనిలోనే పుట్టినావు కదప్పా! పత్తి ఉండే తావులో ఎవురన్నా అగ్గిపుల్ల గీకుతారా?"

సిగ్గేసింది. ఎవరెవరివో సినిమాలు చూసి రాశాను గానీ, నా ఊరే నాకు గుర్తు రాలేదు.

పుల్లలెన్ని ఉన్నాయో అని తాత పెట్టెను ఆడించాడు. మిషన్ల వాళ్ళు అన్నానికి పోయారు, మిషన్లు ఆగి ఉన్నాయి; పుల్లల గలగల అందరికీ వినబడింది. పక్కనే పత్తి ఏరుతున్న ఆడవాళ్ళ చేతులన్నీ ఒక్కసారిగా నిలిచిపోయాయి. ఒకామె లేచి, "ఎవురిదది తాతా? బయట పారెయ్!" అని అరిచింది.

ఇంటికొచ్చి రాసిందంతా చించేశాను. హంతకుడక్కర్లేదు, చీకటీ అక్కర్లేదు. ఆ చప్పుడొక్కటి చాలు. కానీ మా జట్టులోని రఘు తెచ్చే కెమెరాలో బొమ్మే గానీ చప్పుడు పడదు. ఆగిన చేతులైతే పడతాయి. అవి అలా ఆగాలంటే వాళ్ళను మళ్ళీ భయపెట్టాలి.

లేచి నిలబడినామెకు మోచేతి దాకా కాలిన మచ్చ ఉంది.

అగ్గిపెట్టె తాత దగ్గరే ఉండిపోయింది. దానికోసం రేపు ఆ గేటు దాకా పోవడానికి నాకు కాళ్ళు రావు…