డాలు మీది పేరు

ఒరేయ్ తమ్ముడూ,

ఆన్‌లైన్ ఆటలో చేరిన మొదటి రోజే కత్తివీరుడివైపోయి, చచ్చిన ప్రతిసారీ నాకు ఫోన్ చేస్తున్నావు. పగలంతా ఆసుపత్రి వార్డులో రోగుల్ని చూసుకుని వచ్చి, మళ్ళీ ఆటలో నీకు వైద్యం చేసే ఓపిక నాకు లేదురా. ముందు వైద్యుడి పాత్ర తీసుకుని నాలుగు లెవెల్స్ పెంచుకో, నీ గాయాలు నువ్వే మాన్పుకుంటావు. తవ్విన ఇనుము అమ్మెయ్యకు, కమ్మరిపని నేర్చుకో. చాలకపోతే నా పెట్టెలో ఉన్న ఆయుధాలన్నీ కరిగించుకో.

అందులో ఉన్న పాత డాలు మాత్రం ముట్టుకోకు. అది దేనికీ పనికిరాదని నాకూ తెలుసు. ఆ ఆటలో ఏ వస్తువు మీదైనా చేసినవాళ్ళ పేరుంటుంది. దాని మీద మీ బావ పేరుంది. ఆయన పోయినప్పటి నుంచి బ్యాంకులో, కరెంటాఫీసులో, ఇంటి కాగితాల్లో పేరు మార్పించడానికే తిరుగుతున్నాను. ఆ డాలు మీద మార్చమని మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

అక్క