ఆకు తడి చూసిన వేలు

అవ్వా,

ఫోన్‌లో చెప్పడానికి నోరు రాక రాస్తున్నాను. నాలుగు రోజులుగా కామారెడ్డిలోనే షూటింగ్‌లో ఉన్నాను. మన ఎల్లారెడ్డికి గంట దారే, అయినా నీ దగ్గరికి రాలేదు. కోపం తెచ్చుకోకు. మోడలింగ్‌లో చేరినప్పుడే హైదరాబాద్ పిల్లనని, బాపు ఆఫీసరని చెప్పుకున్నాను. ఇప్పుడు పేపర్లలో కూడా అదే రాస్తున్నారు.

ఈ సినిమాలో నాది బీడీలు చుట్టే అమ్మాయి వేషం. నేర్పడానికి సదాశివనగర్ నుంచి శాంతవ్వ అనే ఆమెను పిలిపించారు. నాకు ఆ పని రానట్టే నటించాను. కావాలనే వంకరగా చుట్టాను, పొగాకు ఒలకబోశాను. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. దగ్గరికి జరిగి మెల్లగా అంది: "ఆకు తీస్కోంగనే తడి ఉన్నదా లేదా అని వేలుతోని సూసినవ్ బిడ్డా. కొత్తోళ్లకు గా సంగతి ఎర్కనే ఉండది. మీ అవ్వ ఏ ఊళ్లె బీడీలు చేస్తది?"

ఒళ్లో చాట దించి లేచి వచ్చేశాను. అప్పటి నుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను.

సోమవారం మళ్లీ అదే సీను. నువ్వు పొద్దున తొలి బస్సుకు కామారెడ్డి రా. నీ బీడీల చాట కూడా తీసుకురా, వీళ్ల కొత్త చాట నా ఒళ్లో నిలవడం లేదు. షూటింగ్ గేటు దగ్గర ఎవరని అడిగితే, ఆ వేషం వేసే పిల్లకు బీడీలు చుట్టడం నేర్పినదాన్నని చెప్పు.

అదైతే అబద్ధం కాదు.

నీ బిడ్డ