గడ్డి రంగు

1961 మార్చి 6

లినెడ్ అక్కకి ఇంటర్వ్యూ పిలుపొచ్చింది. గ్రీకు శాఖకి ప్రొఫెసర్ పోస్టు! పలకరాళ్ల గనిలో రాళ్లు చీల్చిన మా నాన్న కూతురు! నాకు కాళ్లు నేలమీద ఆనడం లేదు. అక్క మాత్రం, మోర్విద్, చేపలు మాడుతున్నాయి చూడవే అంది.

మార్చి 9

చిక్కొచ్చింది. అక్క గ్రీకు పద్యాల్ని మా వెల్ష్‌లోకి తెచ్చింది కదా, అందులో సముద్రానికీ ఆలివ్ ఆకుకీ దేవత కళ్లకీ ఒకటే మాట వాడింది, గ్లాస్ అని. తాగే గ్లాసు కాదు. మాకు నీలం, ఆకుపచ్చ, బూడిదరంగు, అన్నీ అదే. గ్రీకులోనూ వాటన్నిటికీ ఒక్క మాటేనట. ఇంటర్వ్యూ కమిటీకి ఇంగ్లండ్ నుంచి వచ్చే డాక్టర్ పెంబర్టన్ దాన్ని మాటల కరువు అన్నాడట. మార్చకపోతే పోస్టు కష్టమని కాలేజీలో ఎవరో అక్క చెవిన వేశారు.

మార్చి 10

మార్చెయ్యవే అక్కా, నీ సొమ్మేం పోయింది అన్నాను. చిన్నప్పుడు బళ్లో నాకు దెబ్బలెందుకు పడ్డాయో గుర్తుందా అంది. గుర్తులేకేం! గడ్డి ఏ రంగని ఇంగ్లీషు టీచరు అడిగితే అక్క బ్లూ అంది. మా భాషలో పచ్చగడ్డి పేరులోనే గ్లాస్ ఉంది మరి. నన్నడిగినా బ్లూ అనేదాన్నే. నా వంతు రాలేదు, బతికిపోయాను.

అప్పుడు మార్చుకున్నాను, ఇంక మార్చుకోనే అంది అక్క.

మొండిఘటం. భయమేస్తోంది. గర్వంగానూ ఉంది.

మార్చి 14, సాయంత్రం

అయిపోయింది. అక్క పూసగుచ్చినట్టు చెప్పింది. పెంబర్టన్ అదే ప్రశ్న వేశాడట. అక్క లేచి కిటికీ తెరిచి, అదిగో సముద్రం, ఏం రంగండీ అని అడిగిందట. నీలం అన్నాడట ఆయన. కాదు, ఆకుపచ్చ అన్నాడట పక్కాయన. వాన పడుతుంటే నీలమేమిటి, బూడిదరంగే అందట మూడో ఆవిడ. ముగ్గురూ వాదులాటకి దిగారట! మీరు తేల్చుకునేలోపు అది మారిపోతుంది, అందుకే మాకూ గ్రీకులకూ ఒక్క మాట చాలు అందట అక్క.

పెంబర్టన్ నవ్వలేదట.

ఎంత ధైర్యమే నీకు అన్నాను. ధైర్యమా నా మొహమా, టీ పెట్టు అంది.

మార్చి 17

కబురు లేదు. అక్క మామూలుగా పాఠం చెప్పడానికి వెళ్లింది. నేను కేకు మాడ్చాను.

మార్చి 19, ఆదివారం

ప్రార్థన మధ్యలో కాలేజీ ప్రిన్సిపాల్ వెనక బెంచీ నుంచి ముందుకి వంగి, పోస్టు మీదేనండీ అన్నారు అక్కతో.

చాపెల్లో అందరి ముందూ ఈల వేశాను. నాకు యాభై రెండేళ్లు.